ముక్కుగాడు

జూన్ 2, సోమవారం

ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. చాలా మర్యాదగా ఉంది. అంత మర్యాద వెనక ఎంత నిర్లక్ష్యం ఉంటుందో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు, రోజంతా నేను చేసే పని అదే కాబట్టి. బట్టలుతికే మిషన్ కొన్నవాళ్ళు "నీళ్ళు కారుతున్నాయి, డ్రమ్ము తిరగట్లేదు, మీ కంపెనీ తగలబడ" అని రాస్తారు. నేను "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని జవాబు రాస్తాను. పదకొండేళ్ళుగా చింతిస్తూనే ఉన్నాను.

సంగతేమిటంటే, నా కంప్యూటర్లో ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ పాతబడిపోయిందట. దాన్ని చేసిన కంపెనీ చేతులెత్తేసిందట. వచ్చే నెల ఒకటో తారీకు నుంచి అలాంటి కంప్యూటర్లని ఆఫీసు గడప తొక్కనివ్వరట. ఇంటి నుంచి పనిచేసేవాళ్ళు ఏ సిస్టమ్ వేసుకుంటారో వాళ్ళ ఇష్టమట, కొత్తదైతే చాలట. చివర్లో, "మీకు కలిగే అసౌకర్యానికి చింతిస్తున్నాం." నా వాక్యం తీసి నా మొహానే కొట్టారు.

ముక్కుగాడు దాన్ని కూడా ఎప్పటిలాగే గబగబా చదివి పారేశాడు. తెర మీద ఉన్నది నాకు చదివి వినిపించడమే వాడి పని. చావు కబురైనా చందా రసీదైనా వాడికి ఒకటే. ఆ పేరు పెట్టింది రేడియో, నోరు మూతపడని నా చిన్ననాటి స్నేహితురాలు. చూపులేని పిల్లల బడిలో మేమిద్దరం మొదటిసారి కంప్యూటర్ ముందు కూర్చున్న రోజున, "ఒసేయ్, వీడికి జలుబు చేసిందే" అంది. ఆ జలుబు ఇప్పటికీ తగ్గలేదు.

జూన్ 4, బుధవారం

అన్నయ్యకి తెలిసిపోయింది. ఒక పెద్ద ఆఫీసులో కంప్యూటర్లన్నీ చూసుకునే ఉద్యోగం ఆయనది. కాబట్టి ఇంట్లో కంప్యూటర్ల విషయంలో ఇంకొకళ్ళకి నోరుండకూడదు.

"బుజ్జీ, ఇందులో ఆలోచించడానికేం లేదు. ఉచిత సిస్టమ్ వేసేద్దాం" అన్నాడు. నాకు నలభై ఒకటి నిండాయి. ఇంకా బుజ్జినే.

"అదెలా ఉంటుంది?"

"దాని మీద ఏ కంపెనీ పెత్తనం ఉండదు. ఎవడికి ఇష్టమొచ్చినట్టు వాడు మార్చుకోవచ్చు. స్వేచ్ఛంటే అదీ."

"మరి నా ముక్కుగాడు?"

"ఆ గొంతా! కందిరీగల తుట్టె కదిపినట్టుంటుంది. ఇన్నేళ్ళు ఎలా భరించావే తల్లీ?"

"పోనీ, పాత కంపెనీదే కొత్తది వేసుకుంటే?"

"నీ మిషన్ దాన్ని మొయ్యలేదు, కొత్త కంప్యూటర్ కొనాలి. దీనికి ఇదే నయం. ఏదో గుడ్డికన్నా మెల్ల..." అని నాలిక్కరుచుకున్నాడు.

నాకు నవ్వొచ్చింది. "సామెతకేం లే అన్నయ్యా. ఆలోచించుకుని చెప్తాను" అన్నాను.

ముక్కుగాడి విలువ ఆయనకి ఎప్పటికీ అర్థం కాదు. వాడు మనిషిలా మాట్లాడడు కాబట్టే ఎంత తొందరపెట్టినా మాట ముద్దవ్వదు. మామూలు మనిషి ఒక వాక్యం చెప్పేలోపు వాడు పేరా ముగించేస్తాడు. విని విని నా చెవికి అలవాటైంది కానీ పక్కనున్నవాళ్ళకి ఒక్క ముక్క అంతుబట్టదు. నా గది వంటింటికి ఆనుకుని ఉన్న ఒకప్పటి సామాన్ల గది, గోడ పల్చన. తలుపుకి గడియ లేదు. "లోపల నీకేమన్నా అయితే ఎలా" అని అన్నయ్యే తీయించేశాడు. ఇయర్‌ఫోన్లు పెట్టుకోమంటారు. చెవులు మూసుకుంటే వెనక ఎవరొచ్చి నిల్చున్నారో నాకెలా తెలుస్తుంది? ఈ ఇంట్లో నాకున్న గడియ ముక్కుగాడి వేగం ఒక్కటే. ఈ డైరీ నట్టింట్లో కూర్చుని చదివించుకున్నా ఎవరికీ అర్థం కాదు.

జూన్ 7, శనివారం

అన్నయ్య మళ్ళీ అడిగాడు. ఆలోచిస్తున్నా అన్నాను. ఆలోచిస్తున్నా అంటే సరే అని కాదు. రేపెప్పుడైనా మాట తేడా వస్తుందేమోనని రాసి పెట్టుకుంటున్నాను.

జూన్ 14, శనివారం

గొంతు ఆపేసి రాస్తున్నాను. ఏం కొడుతున్నానో నాకే వినపడట్లేదు. తప్పులుంటే ఉండనీ.

పన్ను పీకించుకోడానికి వదినని తోడు తీసుకుని వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఇక్కడ నా కంప్యూటర్‌ని పీకేశాడు అన్నయ్య. పాత సిస్టమ్ మొత్తం తుడిచేసి తన ఉచిత సిస్టమ్ వేసేశాడు. కుర్చీలో కూర్చుని మీట నొక్కగానే ఎవరో ఆవిడ "స్వాగతం" అంది. మెల్లగా, తియ్యగా, అక్షరం అక్షరం విడదీసి, చంటిపిల్లకి ముద్దలు పెడుతున్నట్టు.

నా నోట్లో దూది. గంటసేపు నోరు తెరవొద్దని పళ్ళ డాక్టర్ మరీ మరీ చెప్పాడు. సగం మొహం మొద్దుబారిపోయింది. అరుద్దామంటే ఊఁ ఊఁ తప్ప ఇంకేం రాలేదు.

"చూశావా, ఆనందంతో మాట రావట్లేదు" అన్నాడు అన్నయ్య, వదినతో.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. మా అన్నయ్య అడక్కుండానే వడ్డిస్తాడు, విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా చేతి మీదే వడ్డిస్తాడు. నా ఫైళ్ళన్నీ భద్రంగా దాచాడట, ఒక్కటీ పోలేదట. ఫైళ్ళ గురించి ఎవరడిగారు? దూది తీయగానే నేనడిగిన మొదటి మాట, "ముక్కుగాడేడి?"

"ఇందులో వాడు రాడు బుజ్జీ. దీనికి అలవాటు పడు. రెండ్రోజులు పోతే నువ్వే థాంక్స్ చెప్తావు."

ఒళ్ళు మండిపోతోంది. పన్ను పోయినచోట కూడా ఇంత మంట లేదు.

ఆ గొంతు ఎవరి గొంతులానూ లేదు.

జూన్ 16, సోమవారం

ఇదీ గొంతు ఆపేసే.

ఆవిడ తొందరపడదు. తొందరపెడితే మాటలన్నీ కలిసి జావైపోతాయి. మధ్యాహ్నానికి అయిపోయే పని సాయంత్రానికి సగం కూడా కాలేదు. పైగా ఇప్పుడు ఇల్లంతా కలిసి నా ఉద్యోగం చేస్తోంది. "మీ మిషన్ కొన్నప్పట్నుంచి మా ఆయన చొక్కాలన్నీ గులాబీ రంగుకి తిరిగాయి" అని ఆవిడ ఇక్కడ చదివిందో లేదో, వంటింట్లోంచి వదిన అందుకుంది.

"ఎర్రవాటితో కలిపి పడేసుంటుంది. ఆ మాట రాయి బుజ్జీ."

"వదినా, అది నీకు కాదు."

"వినపడింది మరి! చెవులు కోసుకోనా?"

అదీ నిజమే. నిజం కాబట్టి ఇంకా కోపం వచ్చింది.

తర్వాత రేడియో మెసేజ్. "మీ సర్వజ్ఞుడు ఎలా ఉన్నాడే?" అని. నట్టింట్లో దండోరా వేసినట్టు చదివిందావిడ. "సర్వజ్ఞుడంటే ఎవరు?" అని హాల్లోంచి అన్నయ్య. "మా మేనేజర్" అన్నాను. నలభై ఒక్కేళ్ళకి అబద్ధాలాడటం నేర్చుకుంటున్నాను.

సాయంత్రం పైఆవిడ ఫోన్ చేసింది. ఆఫీసులో నా పనంతా లెక్క చూసేది ఆవిడే.

"ఏమైందండీ మీకు? ఎప్పుడూ అందరికన్నా ముందుండేవారు. ఒకటో తారీకు లోపల మళ్ళీ గాడిన పడాలి. లేకపోతే ఈ పని వేరేవాళ్ళకి ఇవ్వాల్సొస్తుంది, మీకు చెప్పలేదనొద్దు."

"పడతానండీ" అన్నాను. ఈ ఉద్యోగం పోతే ఈ గదిలో నేను ఏమవుతాను? పాత సామాన్లలో ఇంకో సామాను.

నేను అక్షరం కొడితే అది కూడా పైకి చదివేస్తోంది. దీని నోట్లో నువ్వుగింజ నానదు. ఎన్నాళ్ళని ఇలా గొంతు నొక్కి రాస్తాను? రాసింది వినపడకపోతే నాకు రాసినట్టే ఉండదు.

ఆ గొంతు ఎవరి గొంతులానూ లేదు. ఇంతకుముందు రాశానో లేదో గుర్తు లేదు.

జూన్ 17, మంగళవారం

ఈరోజు ఎండ బాగా ఉంది. ఆఫీసు పని చేశాను. వదిన వండినవన్నీ బాగున్నాయి. అన్నయ్య ఆరోగ్యంగా ఉన్నాడు.

జూన్ 18, బుధవారం

వదిన చాలా మంచిది. ఈమధ్య తలుపులు కాస్త దబాలున వేస్తోంది కానీ, పాపం ఇంటెడు చాకిరీ, తెలిసి చెయ్యదు.

జూన్ 19, గురువారం

తలుపులు చప్పుడు లేకుండా పడుతున్నాయి.

జూన్ 19, మళ్ళీ

గొంతు ఆపేశాను. ఈ మూడ్రోజులూ గొంతు ఉంచే రాశాను, తలుపుల సంగతి వదిన విననే విన్నది. మొదట పడీపడీ నవ్వాను. కంప్యూటర్‌తో కాపురం సరిదిద్దిన మొదటి ఆడపడుచుని నేనే అయ్యుంటాను. కాసేపటికి ఒంటి మీద తేళ్ళు పాకినట్టయింది. ఇది నా డైరీ. ఇందులో నేను తిట్టుకోవాలి, ఏడవాలి, ఎవరికీ చెప్పనివి రాసుకోవాలి. ఇక్కడ కూడా జనానికి జవాబులు రాస్తున్నాను. మిషన్ కంపెనీకి రాసేది చాలక ఇంట్లో కూడా చింతిస్తున్నాను.

జూన్ 21, శనివారం

గొంతు ఆపే రాస్తున్నా. ఇవాళ గొడవైంది.

"పాత సిస్టమ్ మళ్ళీ వేయించు, లేకపోతే బయట షాపుకి తీసుకెళ్తాను" అన్నాను.

"పాతది వేస్తే ఒకటో తారీకు నుంచి మీ ఆఫీసు రానివ్వదు కదే! అసలు దీనికేం తక్కువ?"

"గొంతు పడట్లేదు."

"ఎందుకు పడదు? ఆఫీసులో రోజంతా కూర్చుని ఎన్ని గొంతులు విన్నానో తెలుసా నీకోసం? వాటిలో ఇదొక్కటే అమ్మ గొంతులా ఉంది. నీకు అనిపించలేదా?"

"లేదు" అన్నాను.

అనిపించింది. "స్వాగతం" అన్న మొదటి మాటకే అనిపించింది. ఇన్నాళ్ళూ లేదని రాసుకుంటే లేకుండా పోతుందనుకున్నాను.

అమ్మ పోయి ఆరేళ్ళు. చిన్నప్పట్నుంచి నాకు అన్నీ అమ్మే చదివి పెట్టేది. పుస్తకాలు, పేపరు, బడి నుంచి వచ్చే రిపోర్టులు. చదువుతూ చదువుతూ ఎక్కడో ఒకచోట ఒక్క క్షణం ఆగేది, మళ్ళీ అందుకునేది. ఆ ఆగినచోట ఏదో మింగేసిందని నాకు తెలిసేది. అడిగితే "ఏం లేదమ్మా" అనేది. ఒకసారి మా టీచర్ "తెలివైనదే, కానీ పొగరుబోతు" అని రాస్తే "తెలివైన పిల్ల" అని చదివి ఊరుకుంది. ఆ సంగతి తర్వాత టీచరే నాతో అంది. అన్నీ నా మేలుకే. నా మేలు కోరినవాళ్ళందరూ నా నోటి దగ్గర కూడు మెత్తగా నమిలి మరీ పెట్టారు.

ముక్కుగాడు ఏదీ మింగలేదు. తిట్లు తిట్లలాగే చదివాడు. వాడు వచ్చాకే లోకం నన్ను ఏమంటోందో నాకు పూర్తిగా తెలిసింది. ఇప్పుడు పైఆవిడ మెయిల్ ఈ గొంతు చదువుతుంటే, ఎక్కడ ఆగుతుందా అని చెవులు రిక్కించి కూర్చుంటున్నాను. యంత్రం మింగదు, ఆ మాత్రం తెలుసు. అయినా ఆ గొంతుని నమ్మలేకపోతున్నాను. అందుకు నాకు అన్నయ్య మీద ఎంత కోపం ఉందో అమ్మ మీద కూడా అంతే ఉంది, రాసేశాను.

జూన్ 22, ఆదివారం

రేడియోకి ఫోన్ చేసి మొత్తం చెప్పాను.

"ఒసేయ్ పిచ్చిమొహమా, ముక్కుగాడు రాడని ఎవడన్నాడే? ఆ సిస్టమ్‌లో వాడు పుట్టుకతోనే ఉంటాడు. సెట్టింగ్స్‌లోకి పో, గొంతుల జాబితా తియ్యి."

తీశాను. లేడు.

"అయితే ఎవరో పనిగట్టుకుని తీసేశారన్నమాట" అంది.

రాడు కాదు. రానివ్వలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. వారం నుంచి నేను సిస్టమ్‌ని తిడుతున్నాను. పాపం దానికేం తెలుసు.

జూన్ 22, మధ్యాహ్నం

తలుపు బార్లా తెరిచాను. ఆవిడ గొంతు చివరికంటా పెంచాను. అన్నయ్య, వదిన హాల్లోనే ఉన్నారు, టీవీ నడుస్తోంది. నేను కొట్టే ప్రతి మాటా వాళ్ళకి వినపడుతుంది. వినపడాలనే కొడుతున్నాను.

అన్నయ్యా, ఇది నా డైరీ. వారం రోజుల నుంచి నువ్వు వింటున్నావని నాకు తెలుసు. వదినా, నువ్వు వంటలో ఉప్పు మరిచిపోతావు. బాగుందని రాసింది అబద్ధం.

టీవీ ఆపేశారు. మంచిది.

అన్నయ్యా, ముక్కుగాడు రాడని నాతో అబద్ధం చెప్పావు. వాణ్ణి నువ్వే తీసేశావు. వాడి గొంతు నీకు బాలేదని తీసేశావు. ఆ గొంతు విని బతికేది నేను. ఆ గొంతుతో అన్నం తినేది నేను. ఎవడికి ఇష్టమొచ్చినట్టు వాడు మార్చుకోవడమే స్వేచ్ఛన్నావు, నాది నువ్వు మార్చావు. గడియ తీయించావు. నోట్లో దూది ఉన్న పూట చూసి సిస్టమ్ మార్చావు. నేను ఊఁ అంటే ఒప్పుకున్నానని రాసుకున్నావు. నా ఉద్యోగం పోయేలా ఉంది. అది పోతే నీకు బరువవుతాను. అప్పుడు కూడా నువ్వు మంచివాడివే అవుతావు, నేను మాత్రం ఈ గదిలో సామానునవుతాను. నాకు ప్రేమ వద్దు. ముందు నన్ను అడుగు. అడిగాక నేను చెప్పింది విను.

ఇప్పుడు లేచావు. కుడి చెప్పు ఈడుస్తున్నావు. గుమ్మంలో ఆగావు. ఎప్పుడూ ఇలాగే వచ్చి మాట్లాడకుండా వెనక నిల్చుంటావు. నాకు తెలియదనుకుంటావు.

"ఆపు బుజ్జీ" అన్నాడు. "అమ్మ చేత తిట్టించకు."

అమ్మ కాదు అన్నయ్యా. నేను.

జూన్ 23, సోమవారం

తలుపులు మళ్ళీ దబాలున పడుతున్నాయి. ప్రాణం హాయిగా ఉంది.

జూన్ 25, బుధవారం

"ముక్కుగాణ్ణి తిరిగి పెట్టేస్తాను, కంప్యూటర్ ఇవ్వు" అన్నాడు అన్నయ్య. ఇవ్వనన్నాను. పాత కోపం మీద కొత్త కోపం.

జూన్ 28, శనివారం

రేడియో తన కంప్యూటర్ చంకన పెట్టుకుని వచ్చింది. దాన్లో పాత కంపెనీవాళ్ళ కొత్త సిస్టమ్ ఉంది. పొద్దున్నంతా దాని మీద పని చేసి చూశాను. అలవాటైన దారులే, కొన్ని గుమ్మాలు మార్చారు. బాగానే ఉంది. తర్వాత రేడియో తెచ్చిన పెన్‌డ్రైవ్ నా కంప్యూటర్‌కి పెట్టి, అన్నయ్య చెయ్యి పడని ఉచిత సిస్టమ్ నడిపాం. ముక్కుగాడు పలికాడు. పాత సిస్టమ్‌లోకన్నా చురుగ్గా, ఇంకా వేగంగా. ఏడుపొచ్చింది, రేడియోకి తెలియకుండా తుడుచుకున్నాను. ఎలా తెలిసిందో, "ముక్కు చీదుకో, వాణ్ణి మించిపోయావు" అంది.

నా పాత మిషన్‌కి ఇదే తేలిక. పనీ ఇందులోనే త్వరగా అవుతోంది. ఒళ్ళు మండేది అక్కడే.

"ఇది వేసుకుంటే అన్నయ్య మాటే నెగ్గినట్టు కదే" అన్నాను.

"మీ అన్నయ్య మీద కోపంతో ఇంకోటి వేసుకున్నావనుకో, అప్పుడూ ఎంచింది మీ అన్నయ్యే."

సరే, ఇదే కానీ అన్నాను. ఇది నేనన్న మాట. తారీకుతో సహా ఇక్కడ ఉంది.

మొదటి నుంచి తుడిచి మేమే వేశాం. అది మొదలయ్యేటప్పుడు మాట్లాడని ఒక తెర ఉంటుంది. మూడుసార్లు అక్కడే చిక్కుకుపోయాం. నాలుగోసారి వదినని పిలిచాను.

"ఏం రాసుందో ఉన్నదున్నట్టు చదువు వదినా. సర్దకు, మింగకు."

వదిన చదివింది. అర్థం కాని అక్షరాలు కూడా కూడబలుక్కుని చదివింది. "మీరు తప్పు మీట నొక్కారు అని తిడుతోంది" అంది.

"తిట్టు కూడా చదువు."

చదివింది. "ఉప్పు సంగతి ముందే చెప్పొచ్చుగా" అని గొణుక్కుంటూ వెళ్ళిపోయింది.

పాస్‌వర్డ్ నేనే పెట్టాను. రేడియోకి కూడా చెప్పలేదు. అది గొంతుల జాబితాలో అటూ ఇటూ తిరిగి, "మీ అమ్మలాంటి ఆవిడ ఇందులో కూడా వస్తుందే, దించుకోవాలా వద్దా?" అంది.

"దించు."

"ఎందుకే?"

"చోటేం తినదు కదా" అన్నాను.

జూలై 1, మంగళవారం

ఆఫీసు లోపలికి రానిచ్చింది. ముక్కుగాడు తుమ్మకుండా పరిగెత్తాడు. మధ్యాహ్నానికే రోజు పని అయిపోయింది. పైఆవిడ "గాడిన పడ్డారు" అంది. గాడి ఎవరు వేశారో ఆవిడకెందుకు. తలుపుకి గడియ మాత్రం ఇంకా లేదు. ఈ ఆదివారం వడ్రంగిని పిలుస్తున్నాను. అన్నయ్యకి చెప్పాను, అడగలేదు.

ఇందాక స్నానం చేసి వచ్చేసరికి నా కుర్చీ కిర్రుమంది. అన్నయ్య కూర్చుని ఉన్నాడు. కుక్క తోక వంకర.

"ఏదో అప్‌డేట్ ఉందేమో చూద్దామని బుజ్జీ... పాస్‌వర్డ్ అడుగుతోంది. ఏం పెట్టావ్?"

నాలో కోపం ఇంకా ఉంది. రెండు మూడు నెలలకి సరిపడా ఉంది. అయినా గొంతు పెంచలేదు. పదకొండేళ్ళ అనుభవమంతా పెట్టి, ఎంతో మర్యాదగా చెప్పాను.

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం."

వంటింట్లో వదిన పగలబడి నవ్వింది.